'ఓకే' పద వ్యుత్పత్తి: చారిత్రక పరిశీలన

ఆంగ్లంలో సమ్మతిని తెలిపే 'ఓకే' పదానికి లభ్యమైన తొలి ముద్రితాధారం 1839 మార్చి 23 నాటి 'బోస్టన్ మార్నింగ్ పోస్ట్' పత్రిక. 'ఆల్ కరెక్ట్' అనే పదబంధాన్ని హాస్యార్థం 'ఓ', 'కె' అక్షరాలతో మొదలయ్యేలా తప్పుగా రాసి, ఆ పొడి అక్షరాలను వాడడం నాటి పత్రికా వినోదం. తెలుగులో 'సరి' నుండి 'సరే' ఏర్పడినట్లే, ఇక్కడా 'సరైనది' అనే అర్థమే అంగీకారార్థానికి దారితీసింది.

అటువంటి సంక్షిప్తాలనేకం కాలగర్భంలో కలిసినా, ఇది నిలవడానికి 1840 అమెరికా అధ్యక్ష ఎన్నికలు తోడ్పడ్డాయి. కిండర్‌హుక్‌లో జన్మించిన మార్టిన్ వాన్ బ్యూరెన్‌ను 'ఓల్డ్ కిండర్‌హుక్'గా పిలిచిన అనుయాయులు అవే అక్షరాలను నినాదంగా స్వీకరించారు.

చోక్టా భాషామూలం వంటి వాదాలు ప్రచారంలో ఉన్నా, అలెన్ వాకర్ రీడ్ 1960లలో పత్రికాధారాలతో పై చరిత్రను నిరూపించాడు. ధ్వనిసామ్యం కంటె లిఖితాధారమే వ్యుత్పత్తి నిర్ణయానికి ప్రమాణమని దీనివల్ల స్పష్టమవుతుంది.