నేల హక్కు, చెట్టు హక్కు: నూజివీడు మామిడి సీమ ఆర్థిక చరిత్ర

ఒక దేశపు కలిమిలేములను వానలు, నేల స్వభావం, ప్రజల శ్రమ నిర్ణయిస్తాయన్న మాట నిజమే అయినా, ఆ శ్రమఫలం ఎవరికి దక్కాలో తేల్చే చట్టాలు, ఆ చట్టాలను చేసే రాజ్యాధికారం కూడా అంతే బలంగా నిర్ణయిస్తాయి. ఏళ్ల తరబడి ఆగితే తప్ప ఫలితమివ్వని పెట్టుబడుల విషయంలో ఈ సంబంధం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. వరి నాటిన రైతు కొన్ని నెలల్లోనే కళ్లం చూస్తాడు. మామిడి అంటు నాటిన రైతు తొలి కాపుకు నాలుగైదేళ్లు, నిండు కాపుకు మరికొన్నేళ్లు ఆగి, ఆపైన దశాబ్దాల పాటు ఫలసాయం పొందుతాడు. అన్నేళ్లూ నేల తన చేతిలోనే ఉంటుందన్న భరోసా లేనివాడు తోట జోలికి పోడు. అందువల్ల నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, మైలవరం ప్రాంతాల మామిడి చరిత్రను ఆ సీమ భూహక్కుల చరిత్ర నుంచి విడదీయలేము.

నూజివీడు మేకా వంశీయుల జమీందారీ. జమీందారు పాలకులకు ఏటా చెల్లించవలసిన కప్పాన్ని పేష్కష్ అనేవారు. దాని బకాయిల తగాదా ముదిరి, పద్దెనిమిదో శతాబ్దం చివర ఈస్టిండియా కంపెనీ సైన్యం నూజివీడు కోటను పట్టుకునేదాకా వెళ్లింది. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత పరిష్కారాన్ని, అంటే పేష్కష్‌ను ఎన్నటికీ పెంచకుండా స్థిరపరిచే పద్ధతిని, అమలుచేసినప్పుడు పాత సంస్థానాన్ని నూజివీడు, నిడదవోలు జమీందారీలుగా విభజించి కొత్త సనదులు, అంటే హక్కు పత్రాలు, ఇచ్చింది. ఆ వంశపు వారసత్వ వివాదంలో 1879లో, అప్పటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానమైన లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్, 1802 నాటి సనదు పాత రాజ్యానికి కొనసాగింపు కాదనీ, కంపెనీ కొత్తగా ఇచ్చిన హక్కు అనీ, కాబట్టి ఆ ఆస్తిని వారసులు పంచుకోవచ్చుననీ తీర్పు చెప్పింది. తరతరాల ఆస్తిగా కనిపించినది నిజానికి ఒక ప్రభుత్వ నిర్ణయం మీద నిలిచిన హక్కేనని ఆ తీర్పు తేల్చింది.

జమీందారు చెల్లించేది స్థిరపడింది గాని, రైతు జమీందారుకు చెల్లించే శిస్తుకు అటువంటి స్థిరత్వం రాలేదు. జమీందారు సొంతంగా సాగుచేయించుకునే కమతం భూముల్లో తోట వేస్తే దాని ఫలం ఆయనదే. రైతులు శిస్తుకు సాగుచేసే జిరాయితీ భూముల్లో మాత్రం చెట్టు మీద హక్కు ఎవరిదన్నది ఆచారాన్ని బట్టి, ఒప్పందాన్ని బట్టి మారుతూ ఉండేది. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం జిరాయితీ రైతుకు శాశ్వత సాగు హక్కును గుర్తించడమే కాక, ఆ తరువాత అతడు నాటే చెట్లను అనుభవించే, కొట్టుకునే హక్కు కూడా అతనిదేనని ప్రకటించింది. 1948లో మద్రాసు శాసనసభ చేసిన ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను తొలగించి రైతులను నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైత్వారీ పట్టాదారులను చేసింది. జమీందార్ల సొంత భూములకు కూడా రైత్వారీ పట్టాలే వచ్చాయి.

జమీందారీ వ్యవస్థ రద్దయినా దాని ప్రభావం వెంటనే తొలగదని ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, లక్ష్మీ అయ్యర్ 2005లో ప్రచురించిన అధ్యయనం తెలియజేస్తుంది. బ్రిటిష్ కాలంలో జమీందార్ల చేతిలో ఉన్న జిల్లాలు, రైతుల నుంచి ప్రభుత్వమే శిస్తు వసూలుచేసిన జిల్లాలతో పోలిస్తే, స్వాతంత్ర్యానంతరం కూడా వ్యవసాయ పెట్టుబడిలోనూ దిగుబడిలోనూ వెనకబడి ఉన్నాయని వారు చూపారు.

నీటి పంపకమూ రాజకీయ నిర్ణయమే. 1832-33 నాటి డొక్కల కరువు తరువాత ఎన్నో ఏళ్ల విజ్ఞప్తుల మీదట, 1852-55 మధ్య బెజవాడ (నేటి విజయవాడ) దగ్గర కృష్ణపై ఆనకట్ట వెలిసింది. కాలువలు పల్లపు డెల్టాను మాగాణిగా మార్చాయి. మెట్టన ఉన్న నూజివీడు ఎర్రనేలలకు ఆ నీరు ఎక్కలేదు. నీరు నిలవని ఆ నేలలు మామిడికి అనుకూలించాయి. పందొమ్మిదో శతాబ్దం ముగిసేనాటికి బెజవాడ నుంచి హైదరాబాదు, మద్రాసు, కలకత్తాల వైపు రైలు మార్గాలు ఏర్పడడంతో, త్వరగా చెడిపోయే పండుకు దూరపు బజార్లు అందుబాటులోకి వచ్చాయి. చిన్న రసాలు, పెద్ద రసాలు, బంగినపల్లి, ఇక్కడివారు కలెక్టరు కాయ అని పిలిచే తోతాపురి ఈ సీమకు పేరు తెచ్చాయి.

భూమి హక్కు స్థిరపడినా ధర మీద హక్కు రైతుకు ఇంకా రాలేదు. చాలా తోటలు పూత దశలోనో పిందె దశలోనో గుత్తకు పోతాయి. అంటే రాబోయే కాపును వ్యాపారి ముందే ఒక మొత్తానికి కొనుక్కుంటాడు. స్వయంగా కాయ కోయించి విజయవాడ సమీపంలోని నున్న మార్కెట్టుకు తీసుకుపోయే రైతు కమీషన్‌కూ, తూకంలో కోతపెట్టే తరుగుకూ లోబడవలసి వస్తోంది. ముందుగా అప్పు తీసుకున్నవాడైతే ఆ అప్పు ఇచ్చిన దుకాణానికే సరుకు అప్పగించాలి. ఒక్క కాపుకే తోట పట్టిన గుత్తదారుకు వచ్చే ఏటి చెట్టు బలంతో పని లేదు. హక్కు గడువు కురచదైతే దృష్టి కూడా కురచదే అవుతుందన్న సూత్రం జమీందారీ పోయిన తరువాత కూడా మరో రూపంలో కొనసాగుతోంది.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు కొత్త రాజధాని నూజివీడు పరిసరాల్లో వస్తుందన్న ప్రచారం సాగింది. చివరకు రాజధాని కృష్ణానది అవతలి ఒడ్డున అమరావతికి వెళ్లింది గాని, చెట్టు విలువను కాపును బట్టి కాక, దాని కింది నేల స్థలంగా పలికే ధరను బట్టి లెక్కించే ఆలోచనకు అటువంటి ప్రచారాలు బలమిస్తాయి. దశాబ్దాల భరోసా మీద పెరిగిన తోటను నరికించడానికి కొన్ని నెలల అనిశ్చితి చాలు.

ఈ రెండు శతాబ్దాల అనుభవం చెప్పేది ఒక్కటే: పాలకులు రైతుకు దీర్ఘకాలపు హక్కు ఇచ్చిన మేరకే రైతు దీర్ఘకాలపు సంపదను సృష్టించగలిగాడు. 1908, 1948 చట్టాలు నేల విషయంలో చేసిన పనిని, న్యాయమైన తూకం, తక్కువ వడ్డీ అప్పు, రైతు సంఘాల ద్వారా ఉమ్మడి అమ్మకం, గుజ్జు పరిశ్రమతో ముందస్తు ధర ఒప్పందాల ద్వారా బజారు విషయంలో కూడా చేయవలసిన బాధ్యత నేటి ప్రభుత్వాలది. ఆ పని జరగనంత కాలం నూజివీడు మామిడి పేరు రైతుదిగా, లాభం మధ్యవర్తిదిగా మిగిలిపోతుంది.