నాడి గడియారం నుంచి స్మార్ట్‌వాచ్ దాకా: ఇంటికి చేరిన గుండె పరీక్ష

మణికట్టుకు పెట్టుకున్న గడియారంతో ఇంట్లోనే గుండె లయను గమనించుకునే అలవాటు ఇటీవలిదే అయినా, దాని వెనుక మూడు శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. నాడిని కాలంతో కొలిచే విద్య, గుండెలో పుట్టే విద్యుత్తును నమోదు చేసే విద్య చాలాకాలం వేరువేరుగా సాగి, చివరకు ఒకే పరికరంలో కలిశాయి. ఆ పరికరం ఏమి చెప్పగలదో, ఏమి చెప్పలేదో అర్థం కావాలంటే ఈ రెండింటి పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి.

భారతీయ వైద్యంలో శార్ఙ్గధర సంహిత మొదలుకొని నాడీ పరీక్షకు ప్రత్యేక స్థానం ఉంది. మణికట్టు మీద వేళ్లు ఆనించి నాడి గతిని గ్రహించే ఆ పద్ధతిలో వైద్యుని స్పర్శానుభవమే ప్రమాణం. నాడిని అంకెలలోకి మార్చే ప్రయత్నం ఇటలీలో 17వ శతాబ్ది తొలినాళ్లలో కనిపిస్తుంది. లోలకపు తాడు పొడవును మార్చుతూ దాని ఊపును నాడితో సమానం చేసే సాధనాన్ని సాంటోరియో అనే వైద్యుడు రూపొందించాడు. ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్‌కు చెందిన సర్ జాన్ ఫ్లోయర్ ఒక్క నిమిషం నడిచి ఆగిపోయే గడియారాన్ని ప్రత్యేకంగా చేయించి, దానితో నాడిని లెక్కించే పద్ధతిని 1707లో గ్రంథంగా ప్రకటించాడు. నిమిషానికి ఇన్నిసార్లు అని నాడిని చెప్పే వాడుకకు బలమైన పునాది వేసిన కృషి అది.

రెండవ విద్యకు మూలం గుండె కండరం సంకోచించే ముందు పుట్టే స్వల్ప విద్యుత్తు. లండన్‌లో అగస్టస్ వాలర్ 1887లో మనిషి గుండె విద్యుత్తును శరీరం పైనుంచే నమోదు చేశాడు. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో విల్లెమ్ ఐంథోవెన్ 20వ శతాబ్ది ఆరంభంలో సన్నని తీగతో పనిచేసే గాల్వనోమీటర్‌ను నిర్మించి ఆ నమోదును స్పష్టమైన గీతగా మార్చాడు. దానినే నేడు ఈసీజీ అంటున్నాము. సుమారు 270 కిలోల ఆ యంత్రాన్ని నడపడానికి ఐదుగురు కావలసి వచ్చేది. రోగి చేతులను, కాలిని ఉప్పునీటి పాత్రలలో ఉంచేవారు. యంత్రాన్ని రోగి వద్దకు మోయడం అసాధ్యం కనుక, ఐంథోవెన్ 1905లో ఆసుపత్రి నుంచి దాదాపు ఒకటిన్నర కిలోమీటర్ల దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోన్ తీగల ద్వారా గుండె సంకేతాలను రప్పించాడు. రోగి ఒకచోట, పరికరం మరొకచోట ఉండవచ్చునన్న ఆలోచన అప్పుడే ఆచరణలోకి వచ్చింది. ఈ కృషికి ఆయన 1924లో నోబెల్ బహుమతి పొందాడు.

పరికరం సిద్ధమైనా, లయ తప్పడం వైద్యుని ఎదుటే జరుగుతుందన్న నమ్మకం లేదు. గుండె పైగదులైన కర్ణికలు క్రమంగా సంకోచించక అస్తవ్యస్తంగా అదిరే స్థితిని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. లండన్ వైద్యుడు థామస్ లూయిస్ 1909లో దీనిని ఈసీజీ ద్వారా గుర్తించాడు. ఆ స్థితిలో కర్ణికలలో గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అయితే ఈ లయభంగం కొందరిలో వచ్చి పోతూ ఉంటుంది కనుక, కొద్ది నిమిషాల పరీక్షకు దొరకదు. అమెరికాలోని మోంటానాకు చెందిన నార్మన్ హోల్టర్ మనిషి తన పనులు తాను చేసుకుంటుండగానే గుండెను గమనించాలని తలచి, 1940లలో సుమారు 38 కిలోల రేడియో పరికరాన్ని వీపున మోసే ఏర్పాటు చేశాడు. అదే క్రమంగా చిన్నదై, రోజంతా ఈసీజీ నమోదు చేసే హోల్టర్ మానిటర్‌గా ఆసుపత్రులలో స్థిరపడింది.

ఇక ఆసుపత్రి వెలుపల, ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ 1982లో క్రీడాకారుల కోసం ఛాతీ పట్టీ నుంచి మణికట్టుకు తీగ లేకుండా గుండె వేగాన్ని పంపే పరికరాన్ని విడుదల చేసింది. తర్వాత వచ్చిన గడియారాలు పట్టీ అవసరాన్ని కూడా తొలగించాయి. రక్తం ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటుంది. ప్రతి నాడికీ మణికట్టులో రక్తపు పరిమాణం మారుతుంది కనుక, తిరిగి వచ్చే కాంతిలోని హెచ్చుతగ్గులను బట్టి గడియారం నాడిని లెక్కిస్తుంది. 2018లో యాపిల్ వాచ్‌కు ఈసీజీ సదుపాయం చేరి, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందింది. గడియారం వెనుక భాగం ఒక చేతిని, పక్కనున్న గుండీని తాకిన వేలు రెండవ చేతిని కలిపినప్పుడు వచ్చే గీత, ఐంథోవెన్ రెండు చేతుల మధ్య నమోదు చేసిన మొదటి లీడ్ (గుండెను ఒక దిక్కు నుంచి చూసే నమోదు) వంటిదే. ఫ్లోయర్ లెక్క, ఐంథోవెన్ గీత ఇక్కడ ఒకటయ్యాయి.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నిర్వహించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో యాపిల్ వాచ్ ధరించే 4,19,297 మంది పాల్గొనగా, లయ సక్రమంగా లేదన్న హెచ్చరిక 0.52 శాతం మందికి వచ్చింది. వారిలో తర్వాత ఛాతీకి అంటించే ఈసీజీ ప్యాచ్ ధరించి తిరిగి పంపినవారిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ నమోదైంది. హెచ్చరిక రాగానే రోగం నిశ్చయం కాదనీ, దానిని తోసిపుచ్చడం కూడా తగదనీ ఈ అంకెలు తెలుపుతాయి. ఆసుపత్రిలోని పన్నెండు లీడ్‌ల ఈసీజీ గుండెను పలు దిక్కుల నుంచి చూస్తుంది. గడియారం ఒక్క దిక్కు నుంచే చూస్తుంది కనుక గుండెపోటును పసిగట్టలేదు. అందువల్ల ఛాతీ నొప్పి వచ్చినప్పుడు గడియారం ఏమీ చెప్పలేదని ఇంట్లో ఆగిపోవడం ప్రాణాంతకం కావచ్చు. మూడు వందల ఏళ్ల శ్రమ ఫలితంగా గుండె పరీక్ష ఇంటికి చేరిందే గాని, రోగనిర్ణయం నేటికీ వైద్యుని బాధ్యతగానే ఉంది. గడియారం నమోదు చేసిన గీతను సకాలంలో ఆయన ముందుంచినప్పుడే ఆ శ్రమకు సార్థకత.