రుజువు కోసం కాని ఫోటోలు

మా ఇంట్లో పాప పుట్టింది. ఎల్లారెడ్డిలో, మా చిన్న చెల్లెలి కడుపున. ఏడో రోజు అఖీఖా చేశాం. ఆడపిల్ల కాబట్టి ఒక్క మేక. పుట్టు వెంట్రుకలు తీసి, వాటి ఎత్తు వెండి ఖరీదు సదఖా ఇచ్చాం. నలభయ్యో రోజు ఛిల్లాకు చుట్టాలంతా వస్తారు. ఆ రోజుకు పాప ఫోటోలన్నీ ఒక వరసలో పేర్చి, టీవీ మీద ఒకటి తర్వాత ఒకటి వచ్చేట్టు చేసి చూపించాలని కామారెడ్డిలో ఉన్న మా పిల్లలు అనుకున్నారు.

పాప ఫోటోలకేం కొదవ లేదు. పుట్టిన గంట నుంచి సెల్‌ఫోన్లలో వందలున్నాయి. పేచీ మొదటి బొమ్మ దగ్గరొచ్చింది. "పాప ఎవరి బిడ్డ, ఎవరి మనవరాలు అని ముందు చూపియ్యాలె గదా?" అన్నది మా మేనకోడలు. న్యాయమే. పాత ఫోటోల కోసం కామారెడ్డి ఇంట్లో ట్రంకుపెట్టె తెరిచాం.

2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి మీద ఆకాశం విరిగిపడ్డట్టు కురిసిన వాన చాలామందికి గుర్తే. కాలనీలు మునిగాయి, రైలు పట్టాల కింది మట్టి కొట్టుకుపోయింది. ఆ రాత్రంతా మా పెట్టె నీళ్లలో ఉంది. ఆల్బమ్ పుటలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీస్తే ఒకరి ముఖం ఇంకొకరి మీదికి ఊడొచ్చింది. ఎవరి నిఖానో, ఎవరి బిస్మిల్లానో పోల్చుకోలేకపోయాం.

కానీ ఒక్కటి మాత్రం తడవలేదు. పాలిథిన్ కవరులో చుట్టి అటక మీద పెట్టిన కాగితాలు. పాస్‌పోర్టులు, ఓటరు కార్డులు, ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, మా నానీ బీడీ కార్డు. నీళ్లు గడప దాటుతుంటే మా వాళ్లు ముందుగా పైకెత్తింది ఆ కవరునే. ఆల్బమ్ ఎవరికీ గుర్తు రాలేదు.

ఎందుకు రాలేదు? ఈ ప్రశ్న దగ్గర మేం ఆగిపోయాం. ఇది మా ఒక్క ఇంటి మతిమరుపు కాదు. దాని వెనక ఒక చరిత్ర ఉంది.

ఫోటో మా గడ్డకు ఆలస్యంగా రాలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలోనే లాలా దీన్‌దయాళ్ కెమెరా పట్టుకొని హైదరాబాదు వచ్చాడు. నిజాం ఆయనకు రాజా బిరుదిచ్చాడు, ముసవ్విర్ జంగ్ అన్నాడు. 1892లో దీన్‌దయాళ్ హైదరాబాదులో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో పెట్టాడు. అక్కడ ఫోటోలు తీయడానికి ఒక ఆంగ్ల వనితను నియమించాడు. అంటే నూరేళ్లకు పైగా ముందే ఇక్కడ ముస్లిం స్త్రీ కెమెరా ముందు కూర్చుంది. అయితే ఏ స్త్రీ? దేవిడీలో ఉన్న స్త్రీ. పాయిగా బేగం, జాగీర్దారు కూతురు.

పందొమ్మిదో శతాబ్దం ముగిసే రోజుల్లో సికింద్రాబాదు నుంచి మన్మాడ్ దాకా మీటర్ గేజ్ పట్టాలు పడ్డాయి. కామారెడ్డి ఆ దారిలో స్టేషన్ అయింది. రైలొచ్చింది, బేరాలొచ్చాయి, తర్వాత స్టూడియోలొచ్చాయి. ఎల్లారెడ్డికి రైలు లేదు. ఎడ్లబండి, ఆ తర్వాత బస్సు. మా ముత్తాతలు ఆ తోవలో దూది ఏకారు, మాంసం కొట్టారు, సంతల్లో గాజులమ్మారు. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ మాకు దగ్గరే. కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు పుస్తకాల్లో ఉంది, ఉండాలి కూడా. కానీ ఆ మంజీర ఒడ్డున మట్టి తట్టలు మోసినవాళ్ల ముఖాలేవి? ముస్లిములంటే నవాబులు, షేర్వానీలు, అత్తరు బుడ్లు అని సినిమాలూ కథలూ నమ్మించాయి. ఆ షేర్వానీల ఫోటోలు చూపించి మీ చరిత్ర ఇదే అంటారు. అది మా చరిత్ర కాదు. మా తాతకు షేర్వానీ లేదు, ఫోటో అంతకన్నా లేదు.

1948 సంగతి కూడా చెప్పుకోవాలి. రజాకార్ల దౌర్జన్యాలను మేం దాచం, సమర్థించం. కానీ సెప్టెంబరులో పోలీసు చర్య తర్వాత ఏమీ తెలియని ముస్లిం పల్లె జనం ఎంత నష్టపోయారో పండిత్ సుందర్‌లాల్ కమిటీ నివేదిక చెప్పింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు ఎక్కువ దెబ్బతిన్నాయంది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం కంటబడలేదు. చివరికి దొరికినప్పుడు కూడా మాకు దక్కింది అంకె. ముఖాలు కాదు. పేదవాడు చనిపోతే గోడ మీద దండ వేయడానికి పటం ఉండదు. ముస్లిం పేదవాడికి గోడ కూడా మిగల్లేదు.

"మీ మతమే బొమ్మ వద్దంటుంది గదా, ఫోటోలు లేవని ఏడుపెందుకు?" అని మిత్రులడుగుతారు. అడగాల్సిన మాటే. జీవుల బొమ్మలు గీయడం గురించి ఉలేమాలు వద్దన్నారు, నిజమే. కానీ ఫోటో బొమ్మేనా అన్న వాదం ఈనాటిది కాదు. గత శతాబ్దం తొలినాళ్లలో ఈజిప్టు ముఫ్తీ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీయీ ఫోటో అంటే కొత్తగా సృష్టించడం కాదు, పడిన నీడను పట్టి నిలపడమేనని, అద్దంలో ప్రతిబింబం లాంటిదని వాదించి అనుమతించాడు. ఒప్పుకున్నవాళ్లున్నారు, ఒప్పుకోనివాళ్లున్నారు. ఈ వాదం మా ఊరి మసీదు దాకా వచ్చిందో లేదో గానీ, అవసరం వచ్చింది. హజ్‌కు పోవాలంటే పాస్‌పోర్టు కావాలి, పాస్‌పోర్టుకు ఫోటో కావాలి. దుబాయ్‌కి పోవాలన్నా అంతే. మగవాళ్ల ఫోటోలకు ఇంట్లో అనుమతి అట్లా దొరికింది. ఆడవాళ్లకు మాత్రం పాత మాటే మిగిలింది. దీన్ని మతం మీదకు తోసి మేం తప్పించుకోలేం. అది మా మగతనం చేసిన పని.

1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫు దేశాల్లో కట్టుబడి పనులు మొదలైనప్పుడు మా జిల్లా పల్లెలు అటు కదిలాయి. అప్పటి నిజామాబాద్ జిల్లాలో ముస్లిములే కాదు, గొల్లలు, ముదిరాజులు, మాల మాదిగలు, అందరూ పోయారు. ఆ పోకతోనే మా ఇళ్లలోకి ఫోటో వరదలా వచ్చింది. పోయేవాడికి పాస్‌పోర్టు సైజు ఫోటోలు. పోయినవాడు దమ్మామ్‌లోనో మస్కట్‌లోనో ఎవరిదో కారుకు ఆనుకొని దిగిన ఫోటో. ఇక్కడ పిల్ల పుడితే, ఆ పిల్లను కామారెడ్డి స్టూడియోలో నీలం మబ్బుల పరదా ముందు బోర్లా పడుకోబెట్టి తీయించి, ఉత్తరంలో పెట్టి పంపిన ఫోటో. మా చెల్లెలి ముఖాన్ని అబ్బా మొదటిసారి చూసింది అట్లాగే. ఉత్తరం చేరేసరికి ఆమె బోర్లా పడడం మాని కూచోవడం నేర్చింది. ఆమె గొంతు క్యాసెట్‌లో పోయింది. రెండేళ్ల తర్వాత అబ్బా ఇంటికొస్తే ఆమె భయపడి నానీ వెనక దాక్కుంది. ఫోటోలోని మనిషి ఇంత పొడవుంటాడని ఆమెకు తెలియదు.

ఆ ఫోటోలన్నీ ఆల్బమ్‌లో ఉండేవి. అవే పోయాయి.

మరి కవరులో మిగిలినవి? వాటి చరిత్ర వేరు. బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం 1976లో వచ్చింది. ఆ కార్డు కోసం మా నానీ మొదటిసారి ఫోటో దిగింది. 1993లో ఎన్నికల సంఘం ఓటర్లకు ఫోటో గుర్తింపు కార్డులు మొదలుపెట్టింది. ఆమె రెండోసారి దిగింది. ఇంట్లో మేం ఎన్నిసార్లు బతిమాలినా "నక్కో బాబా, మేరీ తస్వీర్ నక్కో" అని కొంగు ముఖం మీదికి లాక్కునేది. సర్కారు అడిగితే మాత్రం కొంగు తీసింది. కాదంటే బీడీల కూలీ రాదు, ఓటు లేదు. నానీ ఇప్పుడు లేదు. ఆమె బతుకు మొత్తంలో మాకు మిగిలింది బొటనవేలి గోరంత రెండు ముఖాలు. రెండూ భయపడుతున్న ముఖాలే.

తర్వాత 2010లో ఆధార్ వచ్చింది. అయిదేళ్ల లోపు పిల్లలకు కూడా ఆధార్ ఇస్తారు. వేలిముద్రలు తీయరు గానీ ఫోటో తీస్తారు. అయిదేళ్లకోసారి, పదిహేనేళ్లకోసారి వేళ్లూ కళ్లూ ఇవ్వాలి. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువీకరణ పత్రమే ఆధారమని చట్టం మారింది. ఇవన్నీ అందరికీ ఉన్నవే గదా అంటారు. కాగితం అందరికీ ఒకటే, దాన్ని పట్టుకున్న చెయ్యి వణకడంలో తేడా ఉంది. 1987 జులై 1 నుంచి పుట్టుక ఒక్కటే పౌరసత్వానికి చాలదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా పౌరులై ఉండాలి. 2004 డిసెంబరు 3 నుంచి ఇద్దరి సంగతీ చూస్తారు. 2019 ఆగస్టు 31న అస్సాంలో జాతీయ పౌర పట్టిక చివరి జాబితా వచ్చి 19 లక్షల మందిని బయట పెట్టింది. వాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం పొరుగు దేశాల నుంచి వచ్చినవాళ్లలో ఎవరికి దారి ఇవ్వాలో మతం పేరు పెట్టి చెప్పింది. ఆ జాబితాలో మా పేరు లేదు. ఆ చలికాలం కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో మా వాళ్లు తాతల కాగితాలు వెతికారు. పేరులో ఒక అక్షరం తేడా ఉంటే నిద్రపోలేదు. మా పాలిథిన్ కవరు అప్పుడు తయారైంది.

వరదలో ముందు ఏది పైకెత్తాలో మా చేతులకు ఎవరు నేర్పారో ఇప్పుడు అర్థమైందా?

ఇంకొకటి. మా ఇంట్లో బిడ్డ పుడితే అది కొందరికి పుట్టుక కాదు, లెక్క. "మేము అయిదుగురం, మాకు ఇరవై అయిదుగురు" అనే ఎగతాళి వినని ముస్లిం ఈ దేశంలో ఉండడు. లెక్కలే కావాలంటే ప్రభుత్వ లెక్కలే చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ముస్లిం స్త్రీకి సగటు కాన్పులు 1992-93లో 4.41. 2019-21లో 2.36. అదే కాలంలో హిందూ స్త్రీకి 3.30 నుంచి 1.94కు తగ్గాయి. తేడా ఉంది, అది ఏటేటా కరుగుతోంది. ఎక్కువ తగ్గింది మా దగ్గరే. ఈ అంకెలు చెప్పుకోవలసి రావడమే మాకు సిగ్గుగా ఉంటుంది. ఏ తల్లీ ఉయ్యాల ఊపుతూ దశాంశాలు లెక్కపెట్టదు.

అందుకే ఆ టీవీ బొమ్మల వరస మాకు ఉత్త పిల్లల సరదాగా అనిపించలేదు. మా ఇంట్లో ఒక ఆడమనిషి ముఖాన్ని ఏ ఆఫీసూ అడగకుండా, ఏ వీసాకూ జతపరచకుండా, చూసుకోవాలని మాత్రమే తీసిన ఫోటోలు ఇన్ని ఒకచోట చేరడం ఇదే మొదలు.

పనిలో దిగాక కొత్త పేచీలొచ్చాయి. బొమ్మల కింద మాటలు ఏ లిపిలో రాయాలి? ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. చదవడం వచ్చింది పెద్దవాళ్లిద్దరికే. పిల్లలు తెలుగు బడిలో చదివారు. చివరికి ఉర్దూ మాటల్నే తెలుగు అక్షరాల్లో రాశాం. ఇది తప్పని అటు ఉర్దూ పండితుడూ, ఇటు తెలుగు పండితుడూ అంటారు. మా బతుకే ఆ రాతలో ఉంది, ఏం చేస్తాం?

అసలు పేచీ పాప తల్లి గురించి. పిల్లలు పేర్చిన నలభై బొమ్మల్లో పాప ఉంది, పాపను ఎత్తుకున్న మామలున్నారు, చిన్నాన్నలున్నారు. తల్లి చేతులున్నాయి, గాజులున్నాయి, ఒక దాంట్లో భుజం ఉంది. ముఖం లేదు. పిల్లలు దురుద్దేశంతో చేయలేదు. "మగవాళ్లు కూడా చూస్తరు గదా" అని వాళ్లంతట వాళ్లే కత్తిరించారు. మేం కూడా మొదట గమనించలేదు. మా చెల్లెలే అడిగింది. "ఆధార్ ఆఫీసుల తీసినోడు మగోడు కాదా? పాస్‌పోర్టుకు తీసినోడు మగోడు కాదా? వాళ్లకు చూపిచ్చిన ముఖం నా బిడ్డకు చూపియ్యొద్దా?"

మా దగ్గర జవాబు లేదు. ముఖం చూపించాలో వద్దో ఆమె ఇష్టం. వద్దంటే అదీ ఆమె హక్కే. కానీ ఆమెను అడగకుండా కత్తిరించే హక్కు మాకెవరిచ్చారు? మమ్మల్ని చరిత్ర ఫోటోలోంచి కత్తిరించారని ఇన్ని పుటలు రాసే మేం, మా ఇంట్లో అదే కత్తెర పట్టుకొని కూచున్నాం.

ఛిల్లా నాడు ఎల్లారెడ్డి ఇంట్లో టీవీ ముందు చాపలు పరిచాం. పాప తండ్రి కువైట్‌లో ఫోన్ పట్టుకొని కూచున్నాడు. మొదటి బొమ్మ నానీది. ఓటరు కార్డు మీది ముఖాన్ని పెద్దది చేసి పెట్టాం. కింద అంకెలు తీసేసి ఆమె పేరు రాశాం. బొమ్మ మసగ్గా ఉంది, అయినా ముసలివాళ్లు గుర్తుపట్టి దువా చదివారు. రెండో బొమ్మ మా చెల్లెలిది, ఆసుపత్రి మంచం మీద, చెదిరిన జుట్టుతో, ఒడిలో పాపతో. ఆమె ఎంచుకున్నదే. ఎవరో పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. మా అమ్మీ అతని వైపు చూసింది. ఆయన మళ్లీ ఏమీ అనలేదు.

పాపకు కూడా కార్డులొస్తాయి. జనన పత్రం ఇప్పటికే కవరులో చేరింది. దాన్ని మేం పారేయలేం, అంత ధైర్యం ఈ దేశం మాకింకా ఇవ్వలేదు. అయితే ఇప్పుడు అటక మీద రెండు కవర్లున్నాయి. రెండో దాంట్లో ఈ నలభై బొమ్మలూ కాగితం మీద అచ్చు వేయించి పెట్టాం. మళ్లీ నీళ్లొస్తే రెండూ పైకెత్తాలని ఇంట్లో అందరికీ చెప్పాం.