మూగజీవి నొప్పికి కొలత

కుప్పం సీమలో, గుడుపల్లె పరిసర గ్రామాలలో పాడి మీద ఆధారపడిన సంసారాలు చాలా ఉన్నవి. ఆవు గడ్డి ముట్టక తల వాల్చినప్పుడు రైతు దాని వీపు నిమిరి, “ఎక్కడ నొప్పి తల్లీ?” అని అడుగుతాడు. జవాబు రాదు. ఆ జవాబును రాబట్టడానికి శాస్త్రం నడచిన దారిని శ్రోతలకు మనవి చేయదలచినాము.

పదునేడవ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ జంతువులను యంత్రాలతో పోల్చినాడు. 1789లో ఆంగ్లేయుడైన బెంథామ్, జంతువు ఆలోచించగలదా అని కాదు, బాధపడగలదా అని విచారించవలెనన్నాడు. ఆ బాధను కొలిచే ప్రయత్నం మొదట మనిషి మీదనే జరిగినది. 1896లో జర్మనీలో ఫాన్ ఫ్రే, వేర్వేరు బిరుసుగల వెంట్రుకలతో చర్మాన్ని నొక్కి పరీక్షించినాడు. 1940లో అమెరికాలో హార్డీ, ఉల్ఫ్, గుడెల్ అనే శాస్త్రజ్ఞులు నుదుటి మీద వేడి కిరణాన్ని ప్రసరింపజేసి, నొప్పి ఆరంభమయ్యే హద్దును గుర్తించినారు. “ఇప్పుడు నొచ్చినది” అని మనిషి చెప్పగలడు గనుక అది సాధ్యమైనది.

పశువు చెప్పలేదు, కాలు తీస్తుంది. 2003లో డెన్మార్కు పరిశోధకులు పాడి ఆవుల కాళ్లపై లేజరు కిరణపు వేడి సోకించి, అవి ఎంతసేపటికి కాలు కదుపుతవో లెక్కించే పద్ధతిని ప్రకటించినారు. అయితే కాలు తీయడమంతా నొప్పి కాదు. బెదిరినా తీస్తుంది, రెండు మూడుసార్లు పరీక్షకు లోనైన పశువు, నొప్పి రాకముందే జాగ్రత్తపడి తీస్తుంది. చర్మపు మందం, చలి, నొక్కే వేగం ఇవన్నీ అంకెను మార్చివేస్తవి. అందుచేత పశువును ముందుగా పరిసరాలకు అలవాటు చేయవలెను. గాయం కాకుండా ఒక గరిష్ఠ హద్దు నిర్ణయించవలెను. ఏ పశువుకు మందు ఇచ్చినారో చూచేవారికి తెలియనీయరాదు.

వేటకు గురి అయ్యే జాతులకు బాధను దాచుకొనే స్వభావమున్నది. కాబట్టి నొప్పి కలిగించి చూడడం కన్న, ఉన్న నొప్పిని గమనించడం మేలని కొందరు తలచినారు. మన ఒంగోలు పశువుల సంతతి బ్రెజిలులో ‘నెలోర్’ అనే పేరుతో విస్తరించినది. ఆ జాతి కోడెలకు వృషణాలు తొలగించిన తరువాత వాటి నడక, మేత, తోటి పశువులతో మెలగుట, గాయాన్ని నాకుట మొదలైనవి పరిశీలించి, 2014లో అక్కడి బొటుకాటు పశువైద్యులు పది మార్కుల కొలబద్దను ప్రకటించినారు. నాలుగు దాటితే నొప్పి తగ్గించే మందు ఇవ్వవలెనని దాని సారాంశం.

ఒంగోలు వంశపు కోడెకు అంత దూరాన లభించిన విచారణ ఇక్కడి కోడెకూ లభించవలెను కదా! రుక్మిణీదేవి అరండేల్ కృషి తోడ్పడగా వచ్చిన 1960 నాటి జంతు హింసా నివారణ చట్టం, నిర్ణీత పద్ధతిలో జరిగితే కొమ్ములు తీయుటను, వాతలు వేయుటను, ముకుతాడు కుట్టుటను, కోడెల వృషణాలు తొలగించుటను నేరంగా పరిగణించదు. పనికి అనుమతి ఉన్నంత మాత్రాన నొప్పి లేకపోదు. మరునాడు ఆ కోడె మేత మానినదా, వీపు వంచినదా, మందకు దూరంగా నిలిచినదా అని చూడడానికి యంత్రమక్కరలేదు. చూచినవారు పశువైద్యునికి చెప్పి మందు వేయించినప్పుడే ఆ కొలతకు ప్రయోజనమని మేము భావిస్తున్నాము.