యాడుంటాడు సార్ ఆయప్ప?

బడి కంప్యూటరుకు తాళం ఎప్పుడు పడింది, ఆ తాళంచెవి ఎవరి చేతికి పోయింది? అప్పటి అనంతపురం జిల్లా కొత్తచెరువు పక్కన ఒక హైస్కూల్లో కంప్యూటర్ ల్యాబు నడిపినవాణ్ణి కాబట్టి ఈ చరిత్ర నేను చెప్పాలి.

మొదట్లో తాళం లేదు. 1984లో కేంద్రం క్లాస్ ప్రాజెక్టు కింద దేశంలో సుమారు 250 బడులకు బీబీసీ మైక్రోలు ఇచ్చింది. వాటిలో బేసిక్ భాష చిప్పులోనే ఉండేది, చెరపడానికి వీల్లేదు. పిల్లవాడు ఏం చేసినా సరే, ఒకసారి ఆపి వేస్తే మళ్లీ మొదటికి వచ్చేది. హార్డ్ డిస్కు వచ్చాక ఆ నిశ్చింత పోయింది. విండోస్ 98 పాస్‌వర్డ్ అడిగినా ఎస్కేప్ నొక్కి లోపలికి పోయేవాళ్లం. 2001లో వచ్చిన ఎక్స్‌పీతో అడ్మినిస్ట్రేటరు వేరు, పిల్లలు వేరు అయ్యారు.

మా దిక్కు ఆ తాళం 2008లో వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5,000 హైస్కూళ్లకు ల్యాబులు పెట్టారు. ఒక సీపీయూకి ఎన్‌కంప్యూటింగ్ పెట్టెలు తగిలిస్తే చాలామంది పిల్లలు తలా ఒక మానిటర్ ముందు కూచోవచ్చు. ఖర్చు తగ్గింది. కానీ ఒక్క పెన్‌డ్రైవ్ వైరస్ తెచ్చిందంటే అందరి పాఠమూ ఆగిపోయేది. పైగా ఒక ఏజెన్సీ ఐదేళ్లు నడిపి బడికి అప్పగించే ఒప్పందం కాబట్టి యంత్రాల బాగోగులు ఆ ఏజెన్సీవే. అందుకే గట్టిగా బిగించారు. కంట్రోల్ ప్యానెల్ కనపడదు, స్టార్ట్ మెనూలో రన్ ఉండదు, సీ డ్రైవ్ తెరుచుకోదు. బిగించడం తప్పని నేను అనను.

తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె తన పేరు తెలుగులో కొట్టాలంది. ఎక్స్‌పీలో తెలుగు రావాలంటే రీజనల్ సెట్టింగ్స్‌లో టిక్కు పెట్టి, విండోస్ సీడీ వేసి ఫైళ్లు ఎక్కించాలి. అడ్మినిస్ట్రేటరు హక్కు లేకుండా ఆ పని కాదు. తెర మీద ఇంగ్లీషులో ఒక పెట్టె లేచింది. ఈ కంప్యూటరు మీద ఆంక్షలున్నాయి, మీ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ను అడగండి అని దాని సారాంశం. చదివి చెప్పాను. "యాడుంటాడు సార్ ఆయప్ప?" అంది. అనంతపురంలో ఉంటాడు, ఎన్నో మండలాలకు ఒక్కడే. గది తాళంచెవి హెడ్మాస్టరు బీరువాలో ఉంటే, పాస్‌వర్డ్ అనంతపురంలో ఉంది. ఆ సంవత్సరం ఆ పాప పేరు ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండిపోయింది.

పదో తరగతి మగపిల్లలు మాత్రం దారి కనిపెట్టారు. ఎఫ్8 నొక్కి సేఫ్ మోడ్‌లోకి పోతే అడ్మినిస్ట్రేటరు ఖాతా కనబడింది. దానికి పాస్‌వర్డే పెట్టలేదు! మరుసటి రోజుకు తెర నిండా బాలకృష్ణ. వాళ్లను నేను దొంగలనలేదు. 1962లో అమెరికాలోని ఎంఐటీలో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, వారానికి ఇచ్చిన నాలుగు గంటల కంప్యూటర్ సమయం చాలక, అందరి పాస్‌వర్డుల ఫైలునే ప్రింటు తీయించుకున్నాడు. నేర్చుకునేవాడికి తాళం కూడా పాఠమే.

2013లో ఒప్పందం ముగిసింది, ల్యాబులు నడిపిన మమ్మల్ని ఇంటికి పంపారు. యంత్రాలు బడికి దక్కాయి. నేనెరిగిన బడుల్లో పాస్‌వర్డులు దక్కలేదు.

2022 డిసెంబర్ 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబులు పంచారు. ఈసారి తాళం ఎండీఎం అనే సాఫ్ట్‌వేరు. ఏ యాప్ తెరుచుకోవాలో ఎక్కడో ఉన్న సర్వరు చెబుతుంది. పిల్లలు దాన్నీ విప్పేశారని తర్వాత పత్రికల్లో చదివాను. టీచరుకు మాత్రం ఈసారీ తాళంచెవి లేదు. హెడ్మాస్టరు బీరువా నుంచి అనంతపురానికి, అక్కడి నుంచి ఇంకా దూరానికి పోయింది.

2025 జూలై 10న మెగా పీటీఎంకు, అంటే తల్లిదండ్రులు-టీచర్ల సమావేశానికి, ముఖ్యమంత్రి, విద్యాశాఖ మంత్రి కొత్తచెరువు జెడ్పీ హైస్కూలుకే వచ్చారు. వాళ్లను అడగాల్సింది నాకు ఒకటే ఉంది: బడికి ఒక టీచరుకు శిక్షణ ఇచ్చి, ఆ పాస్‌వర్డ్ ఆ టీచరుకు అప్పగించండి. 2001లో ఐటీ అట్ స్కూల్ మొదలుపెట్టిన కేరళలో ల్యాబు బాధ్యత బడిలోని టీచరుకే ఇచ్చారు. 2018 నుంచి లిటిల్ కైట్స్ పేరుతో పిల్లల బృందాలూ ఆ టీచర్లకు తోడయ్యాయి.