వేరు కవరులో వేలిముద్ర

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని సంఘం వారు అడిగారు. పుంగనూరు జమీ గురించో, మదనపల్లె థియోసాఫికల్ కళాశాల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. వాటిని నాకంటే బాగా రాయగలవారు మనలోనే ఉన్నారు. నేను 1972లో చేరి 2008లో దిగిపోయిన గుమాస్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఆఫీసుల మధ్య తిరిగిన ఆ ముప్పై ఆరేళ్లలో సగం కాలం డెస్పాచ్ సీటులోనే గడిచింది. కాబట్టి నాకు తెలిసినది కవర్ల చరిత్ర. మనం ఏటా యంత్రం మీద వేలు పెట్టి, బ్రతికే ఉన్నామని సర్కారుకు చెప్పుకుంటున్నాము కదా. ఆ వేలిముద్ర ఏ కవరులో పోతున్నదో, అలాంటి కవర్లను ఎవరు ఎప్పుడు తయారు చేశారో చెబుతాను.

ముందు నా తెలివితక్కువతనం ఒకటి ఒప్పుకోవాలి. కొత్తగా పుంగనూరులో పనిచేస్తున్న రోజులు. ఒక భూతగాదా దస్త్రం మదనపల్లెకు పంపవలసి వచ్చింది. పొలం పటం పెద్దది, మడిస్తే చిరిగేట్టుంది. నేను అతి తెలివికి పోయి పటంలో ఉన్నదంతా మాటల్లోకి దించాను. ఫలానా రాయి నుంచి తూర్పుగా ఇన్ని లింకులు, అక్కడి నుంచి ఈశాన్యంగా ఇన్ని లింకులు అంటూ నాలుగు ఫుల్‌స్కేపు పేజీలు నింపాను. మా హెడ్ గుమాస్తా గారు చూసి, "ఏమప్పా, పటాన్ని నువ్వు వచనం చేస్తే, చదివేవాడు దాన్ని మళ్లీ పటం గీసుకోవాల్నా?" అన్నారు. పని నేర్పింది కూడా ఆయనే. ఉత్తరంలో "పటము వేరు కవరులో పంపడమైనది" అని ఒక్క వాక్యం. పటాన్ని చుట్టి వేరే కవరులో పెట్టి, రెండింటి మీదా ఒకే నంబరు వేయడం. మార్జినులో "జతపరచినవి: 1" అని లెక్క. అంతే.

(2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు లేచి దస్త్రాలు కాలిపోయాయని విన్నప్పుడు, ముందుగా ఆ పటమే నా కళ్లలో మెదిలింది.)

కంప్యూటర్లవాళ్లు ఈ పాఠాన్ని పూర్తిగా వంటబట్టించుకోవడానికి 2005 దాకా పట్టిందని బెంగళూరులో జావా పని చేసే మా రెండో అమ్మాయి చెబితే నేను నవ్వాను. తరువాత కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను.

కంప్యూటరుకు ఫోటో అయినా, వేలిముద్ర అయినా, స్కాను చేసిన దస్తావేజు అయినా ఒకట్లు, సున్నల వరుసే. ఎనిమిది కలిస్తే ఒక బైటు. ఒక బైటుకు 256 రూపాలు ఉండవచ్చు. మామూలు అక్షరాలకు, అంకెలకు వాడేవి అందులో కొన్నే. తక్కినవి ఉత్తరం మధ్యలో పడితే చదివే యంత్రం తికమకపడుతుంది. ఈ చిక్కు మొదట ఈమెయిలుకు వచ్చింది. 1992లో వచ్చిన మైమ్ అనే నియమావళిలో బేస్64 అనే ఉపాయం పెట్టారు. మూడేసి బైట్లను నాలుగేసి మామూలు అక్షరాలుగా తిరగరాయడమే ఆ ఉపాయం. నేను పుంగనూరులో చేసిన పనే ఇది. సరుకు ఏదీ పోదు గానీ, మూడు వీశెలది నాలుగు వీశెలు తూగుతుంది. అవతలివాడు మళ్లీ దాన్ని మూడు చేసుకోవాలి.

1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు జావా భాషను విడుదల చేశారు. 1998లో ఎక్స్ఎంఎల్ అనే పద్ధతి ఖాయమైంది. ఒక కంప్యూటరు మరో కంప్యూటరుకు రాసే ఉత్తరానికి అది ఒక నమూనా. ఆ ఉత్తరాన్ని పెట్టే కవరు సోప్. సబ్బుతో దీనికి సంబంధం లేదు. 2000 మే నెలలో దాని 1.1 నియమాలను డబ్ల్యు3సి అనే అంతర్జాతీయ సంస్థ ప్రచురించింది. ఆ నియమాలలో బయటి భాగం పేరు నిజంగానే ఎన్వలప్. లోపల హెడర్, దాని కింద బాడీ. పై అధికారికి మనం రాసే ఉత్తరానికీ దీనికీ తేడా ఎంత? ఫోటో పంపాలంటే మాత్రం బేస్64లో తిరగరాసి బాడీలో కుక్కాలి. సెకనుకు 56 వేల బిట్లు పోయే ఆనాటి టెలిఫోను లైను మీద 30 లక్షల బైట్ల ఫోటోకు, లైను పూర్తి వేగంతో పనిచేసినా, ఏడు నిమిషాలకు పైన పడుతుంది. తిరగరాస్తే తొమ్మిదిన్నర నిమిషాలు. మధ్యలో లైను తెగితే మళ్లీ మొదటి నుంచి.

2000 డిసెంబరులోనే ఫోటోను ఉత్తరానికి విడిగా జతపరిచే పద్ధతి ఒకటి ప్రతిపాదించారు. బరువు తగ్గింది గానీ, జతపరచినది ఉత్తరంలో భాగం కాకుండా పోయింది. ఉత్తరానికి చేసిన సంతకం దానంతట అది ఆ కాగితానికి వర్తించదు. దారిలో ఎవరైనా పటం మార్చేస్తే? డెస్పాచ్ సీటులో కూర్చున్న ఎవరికైనా ఈ భయం తెలుసు. 2005 జనవరిలో డబ్ల్యు3సి ఆమోదించిన ఎంటామ్ పద్ధతి దీన్ని తీర్చింది. అందులో ఫోటో ఉన్నది ఉన్నట్టుగా వేరే కవరులో పోతుంది. ఉత్తరంలో అది ఉండవలసిన చోట ఒక నంబరు చీటీ ఉంటుంది. కానీ లెక్కకు, సంతకానికి ఫోటో ఉత్తరంలో ఉన్నట్టే. 2006లో జావాలో దీనికి ఏర్పాటు వచ్చింది. ఆ తరువాత ఇంకో సదుపాయం కూడా కలిపారు. ఇంత సైజుకు లోపలిది ఉత్తరంలోనే ఉండనీ, దాటితే వేరు కవరుకు పంపు అని ప్రోగ్రాము రాసేవారు హద్దు పెట్టవచ్చు. చిన్న రసీదుకు ఎవరైనా వేరే కవరు వాడతారా? గుండుసూదితో గుచ్చుతారు.

ఆ మధ్య కాలంలోనే, 2002లో, హ్యూలెట్ ప్యాకర్డ్ వారు మన కుప్పంలో ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టారు. మూడేళ్లు నడిపారు. పల్లె ఆడవాళ్లకు డిజిటల్ కెమెరాలు, సౌరశక్తితో నడిచే చిన్న ప్రింటర్లు ఇచ్చారు. గుర్తింపు కార్డుల ఫోటోలకు మన ఊళ్లలో రోజు కూలి పోగొట్టుకొని బస్సెక్కే జనం ఉండేవారు. ఈ అమ్మాయిలు ఫోటో తీసి అక్కడికక్కడే అచ్చు వేసి చేతిలో పెట్టారు. ఫోటో లైను ఎక్కే పనే లేదు. పంపకుండా ఉండగలగడం కంటే పొదుపు ఏముంది?

వేలిముద్ర విషయంలో ఈ పొదుపు ఇంకా పాతది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే పోలీసు ఉద్యోగులు పది వేళ్ల గీతలను సూత్రంగా మార్చి, 1,024 అరల్లో ఇమిడ్చే పద్ధతికి రూపం ఇచ్చారు. ప్రపంచంలో దాని పేరు మాత్రం హెన్రీ పద్ధతి. ఎడ్వర్డ్ హెన్రీ వాళ్ల పై అధికారి. నోటు రాసేది గుమాస్తా, సంతకం దొరది.

2014 నవంబరు 10న ప్రారంభమైన జీవన్ ప్రమాణ్‌లో మన వేలు ఆధార్ ద్వారా పరీక్ష అవుతుంది. ఆధార్ ఉత్తరం ఎక్స్ఎంఎల్‌లోనే ఉంటుంది గానీ సోప్ కవరు లేదు. వేలి ఫోటో మొత్తం పంపకుండా, గీత ఆగిన చోట్లు, చీలిన చోట్లు మాత్రమే గుర్తులుగా తీసి, తాళం వేసి, బేస్64 అక్షరాలుగా మార్చి పంపేట్టు చేశారు. సరుకే చిన్నది కనుక, మూడు నాలుగైనా బరువు తెలియదు. ఇక్కడ పొదుపు చేసింది కవరు కాదు, ఏది పంపనక్కరలేదో తేల్చుకోవడం. నకిలీ వేళ్లను పట్టడానికి 2023లో వేలి బొమ్మను కూడా చూసే ఏర్పాటు కలిపారు.

కానీ గీతలే అరిగిపోయిన వేలికి పంపడానికి గుర్తులు ఏముంటాయి? కుప్పంలో నాతో పనిచేసిన అటెండరు భార్య పుంగనూరు దగ్గర పల్లెలో ఉంటుంది. భర్త పోయాక కుటుంబ పెన్షనే ఆధారం. టమోటా తోటల్లో కూలికి పోయి పోయి వేళ్లు నున్నగా అయిపోయాయి. ఒక కేంద్రంలో పది వేళ్లూ పెట్టించి, రాలేదు పొమ్మన్నారు. రెండు నెలలు పెన్షను ఆగింది. "నేను ఉండానని నువ్వు చెప్తే సాలదా అన్నా?" అని మా ఇంటికి వచ్చి అడిగింది. కాగితం మీద సర్టిఫికెట్టు రాయించి, అధికారి సంతకం పెట్టించి, దగ్గరుండి ఇప్పించాను.

2021 నవంబరులో ముఖం చూసి గుర్తుపట్టే పద్ధతి వచ్చింది. తరువాతి ఏడు మా అరుగు మీదనే, మనవరాలి ఫోనులో ఆమె పని ముగిసింది. రెప్ప ఆర్పమంటే ఆర్పింది. స్క్రీను మీద ప్రమాణ్ నంబరు వచ్చింది. డెస్పాచ్ నంబరు మాదిరి దాచుకోమ్మా అన్నాను. సంచిలో నుంచి భర్త సర్వీసు పుస్తకం జెరాక్సు తీసి, వెనక వైపు రాయమని నాకు ఇచ్చింది.