మూడు చక్రముల మొండిబండి

మూడు చక్రముల బండి అనగానే మనలో ప్రతివారికి స్ఫురించేది ఆటోరిక్షా. అది రోడ్డును నమ్ముకొని బ్రతికే బండి. రోడ్డు అన్నదే లేనిచోట, అంటే మంచులో, ఇసుకలో, బురదలో, కోసిన చేలలో తిరగడానికి పుట్టిన మూడు చక్రముల బండి మరొకటి ఉన్నది. 1970లో అమెరికాలో అది అంగడికి వచ్చినది. పద్దెనిమిది సంవత్సరములు తిరగకముందే దాని అమ్మకము ఆగిపోయినది. అయినప్పటికి ఆ పాత బండ్లు నేటికిని అక్కడక్కడ నడుస్తూనే ఉన్నవి. మూలపడిన బండ్లనుండి తీసిన భాగములను మరొక బండికి అమర్చి, ఓపిక గలవారు వాటిని నడిపించుకొంటున్నారు. ఈ మరమ్మతు సరిగా జరగవలెనంటే చేతిపని ఒక్కటే చాలదు. ఆ బండి చరిత్ర కూడ తెలిసి ఉండవలెను. ఎందుచేతనో ఈ ప్రసంగములో మనవి చేస్తాను.

జపాను దేశపు హోండా కంపెనీ 1959లో అమెరికాలో వ్యాపారము ప్రారంభించినది. మోటారుసైకిళ్లు బాగానే అమ్ముడుపోయినవి గాని, చలికాలము వచ్చి మంచు కురవడం మొదలుపెట్టగానే దుకాణములు వెలవెలబోయేవి. చలికాలములో కూడ అమ్ముకొనదగిన వాహనమును ఏదైన తయారు చేయవలసినదని అమెరికాలోని వర్తకులు 1967లో కంపెనీని కోరినారు. ఆ పని ఒసాము తకేయుచి అనే ఇంజనీరుకు అప్పగించినారు. ఆయన రెండు చక్రములు మొదలుకొని ఆరు చక్రములవరకు రకరకముల అమరికలు కట్టి చూచినాడు. చిన్న ఇంజనుతో మంచును, బురదను, జారుడు నేలను దాటగలిగినది మూడు చక్రముల అమరికయే అని తేలినది.

ఆ బండికి ప్రాణము దాని టైర్లు. బూరలవలె ఉబ్బి, 22 అంగుళముల ఎత్తున ఉండేవి. వాటిలో గాలి ఒత్తిడి చదరపు అంగుళమునకు సుమారు 2 పౌన్లు మాత్రమే. మన స్కూటరు టైరులో ఇది దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఇంత మెత్తని టైరు నేలలోకి దిగబడక, నేలమీద పరచుకొని పోతుంది. బండికి వేరుగా స్ప్రింగులు లేవు. కుదుపును మ్రింగేవి కూడ ఆ టైర్లే. 89 సి.సి. ఇంజను, సుమారు 7 అశ్వశక్తులు, త్రాడు లాగి నడిపించే ఏర్పాటు, మడచి కారు డిక్కీలో పెట్టుకొనదగిన హ్యాండిలు, ఇదీ దాని స్వరూపము. ధర 595 డాలర్లు. మొదట యు.ఎస్. 90 అని, తరువాత ఎ.టి.సి. 90 అని దానిని పిలిచినారు.

పొలములలో వాడకము పెరిగినకొద్దీ ఒక చిక్కు బయటపడినది. కోత కోసిన చేలలోని కొయ్యకాళ్లు ఆ మెత్తని టైర్లను పొడిచివేసేవి. అందువల్ల 1975లో గట్టి టైర్లను, ఉక్కు చక్రనాభులను ప్రవేశపెట్టినారు. 1979లో 110, 1980లో 185, 1981లో పందెములకు పనికివచ్చే 250 వచ్చినవి. యమహా, కవాసకి మొదలయిన కంపెనీలు కూడ రంగములోకి దిగినవి. 1984లో హోండా ఒక్కటే మూడు లక్షల డెబ్బదివేల బండ్లు అమ్మినది. చలికాలపు బేరమునకై పుట్టిన బండి పన్నెండు నెలల బండి అయినది.

ఇక దాని దోషము. మన ఎడ్లబండి ఇరుసు తిరగదు; చక్రములు దేనికవి తిరుగుతాయి. మలుపులో బయటి చక్రము ఎక్కువ దూరము, లోపలి చక్రము తక్కువ దూరము పోతుంది కనుక బండి సులువుగా మళ్లుతుంది. ఆటోరిక్షాలో ఇదే పనికి డిఫరెన్షియల్ అనే పళ్లచక్రముల అమరిక ఉన్నది. మనము చెప్పుకొంటున్న బండిలో అటువంటిది లేదు. వెనుక చక్రములు రెండూ ఒకే ఇరుసుకు బిగించబడి, ఒకే వేగముతో తిరుగుతాయి. హ్యాండిలు త్రిప్పినా బండి తిన్నగానే పోవాలని చూస్తుంది. నడిపేవాడు శరీరమును మలుపు లోపలివైపు వంచి, బయటివైపు కాలిమెట్టుమీద బరువు మోపి, లోపలి చక్రమును కొంచెము తేలిక చేస్తే గాని అది మళ్లదు. ముందు ఒక్కటే చక్రము కావడంచేత తొందరపడితే బయటి ప్రక్కకు బోర్లపడుతుంది. సైకిలు అలవాటు ఉన్నవాడు తూలగానే కాలు నేలకు ఆనించినా, వెనుక చక్రము ఆ కాలిమీదికే ఎక్కుతుంది.

చూపునకు బొమ్మబండివలె ఉన్న ఈ యంత్రముమీదికి తల్లిదండ్రులు చిన్నపిల్లలను ఎక్కించినారు. 1986లో అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగములకు ఇటువంటి మూడు, నాలుగు చక్రముల బండ్లవల్ల గాయపడి వచ్చినవారు సుమారు 86 వేలమంది. ప్రభుత్వము 1987 డిసెంబరులో కంపెనీలమీద దావా వేసినది. 1988 ఏప్రిల్‌లో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడిక ప్రకారము కొత్త మూడు చక్రముల బండ్ల అమ్మకము ఆగిపోయినది. నాలుగు చక్రముల బండ్లు వాటి చోటు ఆక్రమించినవి. 2008 నాటి చట్టమువల్ల కొత్త మూడు చక్రముల బండ్ల దిగుమతికి, అమ్మకమునకు అడ్డు మరింత బిగిసినది. అయితే అంతకుముందు అమ్మిన బండ్లను వెనుకకు తీసుకొనవలెనని ఒడంబడిక నిర్బంధించలేదు. లక్షలకొద్ది బండ్లు కొన్నవారి కొట్టములలోనే ఉండిపోయినవి.

అటువంటి బండి ఒకటి చూరు క్రింద ఏండ్ల తరబడి పడి ఉన్నదనుకొందాము. దానిని బాగుచేయదలచినవాడు మొట్టమొదట త్రాడు లాగి చూస్తాడు. లాగునప్పుడు చేతికి బరువు తగిలితే పిస్టనులో బిగువు ఇంకా ఉన్నదని అర్థము. పాతపెట్రోలు జిగురువలె ఎండి కార్బురేటరు సన్నని రంధ్రములను మూసివేసి ఉంటుంది, వాటిని కడగవలెను. టాంకీలోని త్రుప్పు వదలించవలెను. పాయింట్లకు పట్టిన చిలుమును గీకవలెను. తరచుగా ఈ మాత్రపు సేవతోనే ఇంజను దగ్గి, పొగచిమ్మి, మేలుకొంటుంది.

ఇంజనులో భాగములు అరిగిపోయినా భయము లేదు. అది ఒంటరి యంత్రము కాదు. దానికి పెద్ద బంధువర్గము ఉన్నది. హోండావారి సి.టి. 90 మోటారుసైకిలు ఇంజనుకు ఇది తోబుట్టువు. దాని సిలిండరు వ్యాసము 50 మిల్లీమీటర్లు, పిస్టను నడక 45.6. పాత సామాను దుకాణములో సి.టి. 90 దొరికితే దాని భాగములు పెక్కు ఇక్కడ అమరుతాయి. 1985లో మన దేశమునకు వచ్చిన హీరో హోండా సి.డి. 100 కూడ ఈ వంశపు పోలికలదే. ముందుకు పరుండినట్లున్న ఆ సిలిండరును మన పల్లెటూరి మెకానిక్కులు వేలసార్లు విప్పి బిగించి ఉన్నారు.

చిక్కు అంతా ఇంజను వెనుక ఉన్నది. ఇరుసు, చక్రనాభులు, చట్రము, ఇవి మోటారుసైకిలునుండి రావు. తన జాతి బండి మరొకటి పాడయితేనే దొరుకుతాయి. రెండు మూడు బండ్లు విప్పి ఒక బండి కట్టడము అందుకే. ఇక్కడ తెచ్చిన భాగము పాతదన్న సంగతి మరువరాదు. ఇరుసుమీది గాడులు, నాభిలోని గాడులు ఒకదానినొకటి ఒరసుకొని జంటగా అరుగుతాయి. మంచి నాభిని తెచ్చి అరిగిన ఇరుసుకు తొడిగితే, కొలదికాలములోనే అదీ దాని దారి పడుతుంది. చట్రపు అతుకులవద్ద సన్నని పగుళ్లు రంగుక్రింద దాగి ఉండవచ్చును. పైకి నల్లగా నిగనిగలాడే టైరు మడతలలో బీటలు వారి ఉండవచ్చును.

ఇంజను మ్రోత విన్నవాని సంతోషము చెప్పనలవి కాదు. ఆ సంతోషములో బండి ఎక్కి, ఒక చుట్టు తిరిగి రావాలనిపిస్తుంది. ప్రక్కన నిలిచి ఆశగా చూస్తున్న కుర్రవానిని ఎక్కించాలని కూడ అనిపిస్తుంది. చరిత్ర అడ్డము వచ్చి నిలిచేది అక్కడనే. ఆ బండి అంగడినుండి తొలగినది ఇంజను చెడి కాదు. మలుపులో, వాలులో, ఆగవలసిన చోట మనిషిని పడవేసినందువల్ల తొలగినది. కాబట్టి బాగుచేసేవాడు బ్రేకు, ఇరుసు, టైర్లు, చట్రము ముందుగా చూచి, ఇంజనును చివరకు ముట్టుకొనడము యుక్తము. టైర్లలో గాలి రెండువైపులా సమముగా ఉన్నదో లేదో కొలిచి చూడవలెను. అంత తక్కువ ఒత్తిడిలో కొద్ది తేడా కూడ బండిని ప్రక్కకు లాగుతుంది.

ఇంత చేసినా మిగిలిపోయే దోషము ఒకటి ఉన్నది. ఒకే ఇరుసుకు బిగిసిన ఆ రెండు చక్రములు విరిగిన భాగము కాదు. బండి పుట్టుకతోనే వచ్చినవి. ఏ తుక్కుదుకాణములో వెదకినా దానికి మారుభాగము దొరకదు. దానిని సరిచేయవలసినది నడిపేవాని అభ్యాసము, తలమీది శిరస్త్రాణము, పిల్లవానికి కాదని చెప్పగల పెద్దవాని నోరు. ఇవి కూడ సిద్ధమయిన నాడే ఆ బండి మరమ్మతు ముగిసినట్లు లెక్క.